సూది సన్ననిదే, కానీ పెట్టే చేయి ఎవరిది?

ఒంటి మీద ఎంచుకున్న బిందువుల దగ్గర సూదులు గుచ్చి చేసే చైనా సంప్రదాయ చికిత్స ఆక్యుపంక్చర్. ఆ సూది చూడ్డానికి భయపెట్టదు. ఇంజెక్షన్ సూది కన్నా చాలా సన్నం. మామూలుగా వాడేవాటి మందం 0.16 నుంచి 0.30 మిల్లీమీటర్లు ఉంటుంది. లోపల బోలు ఉండదు, ఒంట్లోకి మందేమీ ఎక్కదు. గుచ్చినప్పుడు చాలామందికి చీమ కుట్టినంత కూడా తెలియదు. అందుకే "ఇందులో ప్రమాదం ఏముంటుంది" అనే మాట తేలిగ్గా నోటికొస్తుంది. అసలు పొరపాటు ఆ మాటలోనే ఉంది. సూది మందం చూసి ధైర్యం తెచ్చుకుంటున్నాం, చూడాల్సింది దాని పొడవు. తరచుగా వాడే సూదులు 25 నుంచి 40 మిల్లీమీటర్ల పొడవుంటాయి. ఛాతీ మీద కొన్నిచోట్ల చర్మానికీ ఊపిరితిత్తి పొరకూ మధ్య దూరం 10 నుంచి 20 మిల్లీమీటర్లే.

ఆక్యుపంక్చర్ సురక్షితమని చెప్పే లెక్కలు లేకపోలేదు. ఉన్నాయి, పెద్దవే ఉన్నాయి. జర్మనీలో 2,29,230 మంది రోగుల మీద, దాదాపు 22 లక్షల చికిత్సల మీద జరిగిన అధ్యయనం 2009లో వెలువడింది. అందులో 8.6 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది కలిగింది. ఎక్కువగా చిన్నపాటి రక్తస్రావం, చర్మం కమలడం, నొప్పి వంటివే. ఆ ఇబ్బందికి మళ్లీ వైద్యం అవసరమైనవారు 2.2 శాతం. ఊపిరితిత్తికి రంధ్రం పడిన ఘటనలు రెండు. బ్రిటన్‌లో 2001లో వచ్చిన రెండు సర్వేల్లో కలిపి 66 వేలకు పైగా చికిత్సలను పరిశీలిస్తే, తీవ్రమైన ప్రమాదం ఒక్కటీ కనిపించలేదు.

ఈ అంకెలను చాలామంది తమ ప్రచారంలో వాడుకుంటారు. ఆ సూదులు ఎవరు పెట్టారన్నది మాత్రం అక్కడ చెప్పరు. జర్మనీ అధ్యయనంలో సూది పట్టుకున్నవారు డాక్టర్లు. వైద్యవిద్య పూర్తిచేసి, ఆపైన కనీసం 140 గంటలు ఆక్యుపంక్చర్‌లో శిక్షణ పొందినవారు. బ్రిటన్ సర్వేల్లో ఒకదానిలో డాక్టర్లు, ఫిజియోథెరపిస్టులు, రెండోదానిలో వృత్తి సంఘంలో సభ్యత్వం ఉన్న ఆక్యుపంక్చరిస్టులు పాల్గొన్నారు. అంటే ఇది సూది రికార్డు కాదు, ఆ చేతుల రికార్డు. వారాంతపు కోర్సుకు వెళ్లొచ్చినవారో, వీడియోలు చూసి నేర్చుకున్నవారో ఆ అంకెలను చూపించి "మాదీ అంతే సురక్షితం" అనడానికి ఏ ఆధారమూ లేదు. వాళ్ల చేతుల్లో ఏం జరుగుతోందో లెక్క రాసేవాళ్లే లేరు.

ఇది నిజంగా పనిచేస్తుందా లేదా అన్నది వేరే చర్చ, అయినా ఒక్క మాట చెప్పుకోవాలి. దీర్ఘకాలిక నొప్పుల విషయంలో 39 పరిశోధనలను, 20 వేలకు పైగా రోగుల వివరాలను కలిపి చేసిన విశ్లేషణ 2018లో వచ్చింది. ఏ చికిత్సా లేకుండా ఉండటం కన్నా ఆక్యుపంక్చర్‌తో ఉపశమనం బాగానే ఉందని, పోల్చి చూడటం కోసం అసలు చికిత్సలా నటించి పెట్టే ఉత్తుత్తి సూదులతో పోలిస్తే మాత్రం తేడా తక్కువేనని అందులో తేలింది. మిగతా ఎన్నో జబ్బుల విషయంలో చెప్పుకునే గొప్పలకు అంత బలమైన ఆధారాలు లేవు. లాభం ఓ మోస్తరుగా ఉన్న చికిత్సలో ప్రమాదాన్ని ఏమాత్రం ఒప్పుకోకూడదు. ప్రాణం కాపాడే ఆపరేషన్‌లో కొంత రిస్క్‌కు సిద్ధపడతాం. మెడ పట్టేసిందని వెళ్లిన మనిషి ఊపిరితిత్తికి రంధ్రంతో తిరిగి రావడం ఏ లెక్కలోనూ సరికాదు.

ఊపిరితిత్తి సంగతే కాస్త వివరంగా చూడాలి. తీవ్రమైన ప్రమాదాల్లో తరచుగా వినిపించేది ఇదే కాబట్టి. మెడకూ భుజం చివరకూ నడుమ, భుజం పైభాగంలో కండ ఎత్తుగా ఉండే చోట ఒక ప్రసిద్ధమైన బిందువు ఉంది. చైనా భాషలో దాని పేరు జియాన్‌జింగ్. మెడనొప్పికి, భుజాల బిగుతుకు, తలనొప్పికి చాలామంది ముందుగా వెతికేది దాన్నే. దాని కింద ఊపిరితిత్తి కొస ఉంటుంది. బాగా కండ ఉన్న మనిషిలో అక్కడ చాలినంత మందం దొరుకుతుంది. బక్కపల్చని మనిషిలో, వయసు మీదపడి కండ కరిగిపోయినవారిలో, ఊపిరితిత్తుల జబ్బు ముదిరి ఛాతీ ఉబ్బినవారిలో ఆ మందం ఉండదు. నిటారుగా లోపలికి దించితే సూది మొన పొరను తాకుతుంది. ఆ చిన్న రంధ్రం గుండా గాలి పొరల మధ్యకు చేరి, ఊపిరితిత్తి కొద్దికొద్దిగా ముడుచుకుపోతుంది. న్యూమోథొరాక్స్ అంటారు దీన్ని. ఒకే రోజు రెండు భుజాలకూ సూదులు పెడితే రెండువైపులా ఇలా జరిగిన కేసులు కూడా వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

శిక్షణ పొందినవారు ఇదే బిందువు దగ్గర ఏం చేస్తారు? కండను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పైకి పట్టుకుంటారు. సూదిని ఊపిరితిత్తి వైపు దించకుండా, పట్టుకున్న కండలోనే ఉండేలా ఏటవాలుగా, తక్కువ లోతులో పెడతారు. సూది ఉండగా కదలొద్దని రోగికి ముందే చెబుతారు. బక్కగా ఉన్న మనిషైతే ఆ బిందువునే వదిలేసి, అదే ఫలితం కోసం చేతి మీదో కాలి మీదో మరోదాన్ని ఎంచుకుంటారు. ఎక్కడ పెట్టాలన్నది ఒక చార్టు చూసి నేర్చుకోవచ్చు. ఎంత లోతున, ఏ కోణంలో, ఎవరికి పెట్టకూడదు అన్నది చార్టు చెప్పదు.

సంప్రదాయ చైనా వైద్యం ఈ భయాన్ని ఎప్పుడో గుర్తించింది. "పొట్ట బావిలా లోతు, వీపు రొట్టెలా పల్చన" అనే సామెత ఒకటి వాళ్లలో ఉంది. వీపు మీద సూది పెట్టేటప్పుడు చేయి అదుపులో ఉంచుకొమ్మని శిష్యులకు చెప్పే హెచ్చరిక అది. లోతు కొలవడానికి వాడే సున్ అనే కొలత కూడా రోగి బొటనవేలి వెడల్పును బట్టి ఉంటుంది, అందరికీ ఒకే అంకె కాదు. పాత గురువులకు ఎక్స్‌రే తెలియదు. తమ చేతుల్లో జరిగిన తప్పులు మాత్రం బాగా తెలుసు. సంప్రదాయం పేరు చెప్పి శిక్షణను తేలిగ్గా తీసుకునేవారు ఆ సంప్రదాయంలోని జాగ్రత్తను వదిలేసి, బిందువుల పేర్లు మాత్రం పట్టుకున్నారు.

ఎంత పేరున్న బిందువైనా దాని కింద ఏముందో అందరిలో ఒకేలా ఉండదు. రొమ్ము ఎముక మధ్యలో ఓ బిందువుంది. కింద గట్టి ఎముకే కదా అని అక్కడ ధైర్యంగా పెట్టేస్తుంటారు. కానీ నూటికి 5 నుంచి 8 మందిలో ఆ ఎముకకు పుట్టుకతోనే చిన్న కన్నం ఉంటుంది. పైనుంచి చూస్తే కనపడదు, వేలితో తడిమినా తెలియదు. ఆ కన్నం గుండా సూది గుండె వైపు వెళ్లి, గుండె చుట్టూ రక్తం చేరి మనిషి చనిపోయిన ఘటనను నార్వే వైద్యులు 1995లో ప్రచురించారు. ఈ సంగతి తెలిసినవారు అక్కడ సూదిని నిలువుగా దించరు, చర్మం కిందుగా పడుకోబెట్టి పోనిస్తారు. తెలియనివారికి అక్కడ ప్రమాదం ఉందన్న ఊహే రాదు. మెడ వెనుక పుర్రె కింది అంచు దగ్గర ఉండే బిందువులదీ ఇదే కథ. లోతు తప్పితే అక్కడ వెన్నుపాము ఉంది.

డ్రై నీడ్లింగ్ పేరుతో ఇప్పుడు క్రీడాకారుల మధ్య బాగా ప్రచారంలో ఉన్న పద్ధతిని కూడా ఈ కోవలోనే చూడాలి. అది ఆక్యుపంక్చర్ కాదని, కండరాల్లో బిగుసుకున్న చోట్లకు చేసే ఆధునిక చికిత్స అని దాన్ని చేసేవారు అంటారు. సిద్ధాంతం వేరే కావచ్చు. సూది అదే, దాని కింద ఊపిరితిత్తీ అదే. అమెరికా స్కీయింగ్ క్రీడాకారుడు టోరిన్ యేటర్ వాలెస్‌కు 2013లో, ఒలింపిక్స్ ముందు, ఇలాంటి చికిత్సలోనే సూది గుచ్చుకుని ఊపిరితిత్తి ముడుచుకుపోయింది. చాలా దేశాల్లో ఈ పద్ధతిని రెండు మూడు రోజుల కోర్సుల్లో నేర్పిస్తున్నారు. శరీర నిర్మాణం ముందే చదువుకున్న ఫిజియోథెరపిస్టులకే అది చాలదనే వాదన ఉంది. ఆ చదువు కూడా లేనివారి సంగతి వేరే చెప్పాలా?

లోతు తరవాత చెప్పుకోవాల్సింది శుభ్రత. బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్‌లో 1977లో ఒకేచోట ఆక్యుపంక్చర్ చేయించుకున్నవారిలో 36 మందికి హెపటైటిస్ బి సోకింది. అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో 1984లో ఒకే క్లినిక్‌కు వెళ్లిన 366 మందిలో 35 మందికి అదే జబ్బు వచ్చింది. కామెర్లతో కాలేయాన్ని దెబ్బతీసే ఈ వైరస్ ఎండిపోయిన రక్తపు మరకలో కూడా కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. ఒకరికి వాడిన సూదిని స్పిరిట్‌లో ముంచి, తుడిచి మరొకరికి వాడితే శుభ్రం చేసినట్టు కాదు. కంటికి శుభ్రంగా కనిపిస్తుంది, అంతే. ఈ అనుభవాల తరవాతే ఒకసారి వాడి పారేసే సూదులు ప్రమాణమయ్యాయి. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1996లో ఆక్యుపంక్చర్ సూదులను ప్రయోగాత్మక పరికరాల జాబితా నుంచి తప్పించి, అవి క్రిమిరహితంగా ఉండాలని, ఒక్కసారే వాడాలని షరతు పెట్టింది.

డిస్పోజబుల్ సూదులతో హెపటైటిస్ భయం చాలావరకు తగ్గింది కానీ, ఇన్ఫెక్షన్ సమస్య పూర్తిగా పోలేదు. దక్షిణ కొరియా, హాంకాంగ్‌లలో ఆక్యుపంక్చర్ చేయించుకున్నవారికి క్షయ జాతికి చెందిన మరో రకం బాక్టీరియా సోకి, సూది పెట్టిన చోట్ల గడ్డలు కట్టి, నెలల తరబడి మానని పుండ్లయిన ఘటనలున్నాయి. కలుషితమైన క్రిమినాశక ద్రావణం, సరిగా శుభ్రం చేయని తువ్వాళ్లు, కాపడం ప్యాకులు ఇలాంటివాటికి కారణాలవుతాయి. ప్యాకెట్ విప్పిన కొత్త సూది అయినా, దాని కాడను వేళ్లతో పట్టుకుని లోపలికి దించితే వేళ్ల మీది క్రిములు కూడా లోపలికి పోతాయి. కాడను తాకకుండా సూది పెట్టడం ఒక నేర్పు. చేతికి అలవాటయ్యే దాకా పక్కన ఒకరు నిలబడి సరిదిద్దాలి.

రోజువారీ చికిత్సలో ఎక్కువగా ఎదురయ్యేవి ఇంత భయంకరమైనవి కావు. బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవల్లో 2009 నుంచి 2011 దాకా నమోదైన 325 ఆక్యుపంక్చర్ ఘటనలను పరిశీలిస్తే, అందులో 31 శాతం సూదులు తీయడం మరిచిపోయినవి! కళ్లు తిరగడం 30 శాతం, స్పృహ తప్పడం 19 శాతం. ఊపిరితిత్తి దెబ్బతిన్నది 1 శాతం. నూటికి 95 ఘటనల్లో హాని లేదు, ఉన్నా స్వల్పం. ఈ లెక్క ఒక విషయాన్ని బాగా పట్టిస్తుంది. సూది మరిచిపోవడం వైద్యజ్ఞానం లేక జరిగే తప్పు కాదు. ఎన్ని పెట్టామో రాసుకుని, తీసేటప్పుడు లెక్క సరిచూసుకునే అలవాటు లేక జరిగే తప్పు. జుట్టులో పెట్టినవి, దుప్పటి కింద కాళ్లకు పెట్టినవి అలా ఉండిపోతాయి. స్పృహ తప్పడం కూడా చాలావరకు ఆపగలిగిందే. మొదటిసారి వచ్చిన మనిషిని, టెన్షన్‌తో ఉన్నవారిని, ఖాళీ కడుపుతో వచ్చినవారిని కూర్చోబెట్టి కాక పడుకోబెట్టి, తక్కువ సూదులతో మొదలుపెట్టడం శిక్షణలో తొలి పాఠాల్లో ఒకటి.

ఇక రోగి గురించి తెలుసుకోవడం. శిక్షణ లేనివారి దగ్గర అసలు లోటు కనిపించేది ఇక్కడే. సూది ఎక్కడ పెట్టాలో వాళ్లకు తెలిసి ఉండొచ్చు, ఏం అడగాలో తెలియదు. రక్తం పల్చబడే మందులు వాడుతున్నారా? గుండెకు కృత్రిమ కవాటం ఉందా? ఉంటే, చెవికి అతికించి రోజుల తరబడి ఉంచే చిన్న సూదులు గుండె లోపలి ఇన్ఫెక్షన్‌కు దారితీయొచ్చు. పేస్‌మేకర్ ఉందా? ఉంటే సూదులకు కరెంటు పెట్టే ఎలక్ట్రో ఆక్యుపంక్చర్ వద్దు. గర్భం ఉందా? షుగర్‌తో పాదాల్లో స్పర్శ తగ్గిందా? స్పర్శ లేని పాదానికి మూలికలు కాల్చి వేడి పట్టే మాక్సా చికిత్స చేస్తే, కాలుతున్న సంగతి రోగికే తెలియదు. సూదికి బదులు తేనెటీగల విషంతో చేసే చికిత్స అయితే ఇంకా ప్రమాదకరం. స్పెయిన్‌లో ఒక మహిళ రెండేళ్లుగా ఏ ఇబ్బందీ లేకుండా తేనెటీగలతో కుట్టించుకుంటూ, ఒకనాడు తీవ్రమైన అలర్జీకి గురై, కోలుకోలేక చనిపోయింది. ఆ ఘటనను అక్కడి వైద్యులు 2018లో ప్రచురించారు.

సూదితో ఏ సంబంధమూ లేని ప్రమాదం మరొకటి ఉంది, బహుశా అన్నిటికన్నా పెద్దది అదే. నడుంనొప్పితో వచ్చిన మనిషికి మూత్రం ఆగిపోయి, తొడల మధ్య మొద్దుబారితే అది గంటల్లో ఆపరేషన్ అవసరమయ్యే పరిస్థితి. జీవితంలో ఎప్పుడూ లేనంత తీవ్రంగా ఒక్కసారిగా వచ్చిన తలనొప్పి మెదడులో రక్తస్రావం కావొచ్చు. కారణం లేకుండా బరువు తగ్గుతూ, రాత్రిళ్లు నిద్రపోనివ్వని వెన్నునొప్పి కేన్సర్ కావొచ్చు. వీళ్లకు పది సిట్టింగుల ప్యాకేజీ అమ్మడం అంటే వాళ్ల చేతిలో ఉన్న సమయాన్ని లాగేసుకోవడమే. ఇన్సులిన్ మానేయమనడం, మూర్ఛ మందులు ఆపేయమనడం అంతకన్నా దారుణం. మంచి ఆక్యుపంక్చరిస్టు నోట ఎక్కువగా వినిపించాల్సిన మాట "ఇది నా పరిధి కాదు, ముందు డాక్టరుకు చూపించుకోండి" అన్నది. ఆ మాట అనగలగాలంటే తన పరిధి ఏమిటో ముందు చదువుకుని ఉండాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ఆక్యుపంక్చర్ శిక్షణ, భద్రతలపై మార్గదర్శకాలు విడుదల చేసింది. డాక్టరు కానివారు పూర్తిస్థాయిలో ఈ వృత్తి చేయాలంటే 2,500 గంటల శిక్షణ ఉండాలని, డాక్టర్లకు పూర్తి శిక్షణ అయితే 1,500 గంటలని, తమ వైద్యంలో భాగంగా పరిమితంగా వాడుకునే డాక్టర్లకు కనీసం 200 గంటలని అందులో సూచించింది. ఎంబీబీఎస్ చదివినంత మాత్రాన సూది పట్టే నేర్పు వచ్చేయదని కూడా ఈ అంకెలు చెబుతున్నాయి. జపాన్‌లో కనీసం మూడేళ్లు చదివి జాతీయ పరీక్ష గట్టెక్కితేనే లైసెన్సు. ఆస్ట్రేలియాలో 2012 జూలై నుంచి దేశమంతటా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. బ్రిటన్‌లో మాత్రం ఆక్యుపంక్చరిస్టు అనే పేరుకు చట్టపరమైన రక్షణ లేదు. స్థానిక సంస్థల దగ్గర నమోదు చేసుకోవాలి కానీ, వాళ్లు చూసేది గది, పరికరాల శుభ్రత. పెట్టే మనిషికి ఎంత తెలుసో చూడరు. గోడ మీద ఫ్రేము కట్టిన సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన అది వృత్తి లైసెన్సో, గది శుభ్రంగా ఉందన్న కాగితమో, మూడు రోజుల కోర్సుకు హాజరైన రసీదో తెలియదు. చదివి చూడాలి.

గంటల లెక్క కన్నా ఆ గంటలు ఎలా గడిచాయన్నది ముఖ్యం. జపాన్‌లో 17వ శతాబ్దంలో సుగియామా వాయిచి అనే అంధ వైద్యుడుండేవాడు. సూదిని సన్నని గొట్టంలోంచి తట్టి పెట్టే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చిన ఘనత ఆయనదే అంటారు. ఆ గొట్టం ఇప్పటికీ ప్రపంచమంతా వాడుకలో ఉంది. అంధుల కోసం ఆయన ఆక్యుపంక్చర్ పాఠశాలలు నెలకొల్పాడు. కంటితో చూసే వీల్లేని విద్యార్థి చర్మాన్ని, కండను, ఎముక అంచును వేళ్లతో చదవడం నేర్చుకోవాలి. అది గురువు చేయి పక్కన తన చేయి పెట్టి, నెలల తరబడి చేస్తేనే వస్తుంది. ఇవాళ వీడియో చూసి నేర్చుకునే విద్యార్థికి సూది చర్మంలోకి దిగడం కనిపిస్తుంది. లోపల అది కండను దాటి మరో పొరను తాకినప్పుడు చేతికి తెలిసే తేడాను ఏ వీడియో చూపించలేదు.

వెళ్లాలనుకునేవారు మొహమాటపడకుండా అడగాల్సినవి ఉన్నాయి. ఎక్కడ చదివారు, ఎన్నేళ్లు, రోగుల మీద పర్యవేక్షణలో ఎంతకాలం చేశారు అని అడగాలి. సూది ప్యాకెట్ తమ ముందే విప్పమనాలి. వాడిన సూదులు గట్టి డబ్బాలో పడుతున్నాయో లేదో చూడాలి. ఛాతీ మీద, వీపు మీద, భుజం మీద పెడుతుంటే ఎంత లోతుకు పెడతారో అడగాలి. ఈ ప్రశ్నలకు విసుక్కునే మనిషి దగ్గర పడుకోకపోవడమే మంచిది. శిక్షణ ఉన్నవారు ఇవి అడగకముందే చెబుతారు, మందుల చీటీ చూపించమంటారు, సంతకం తీసుకునే ముందు రాగల ఇబ్బందులేమిటో వివరిస్తారు.

పంపించేటప్పుడు వాళ్లు చెప్పే మాట ఇంకొకటి ఉంటుంది. ఊపిరితిత్తికి పడిన చిన్న రంధ్రం వెంటనే బయటపడకపోవచ్చు. గాలి నెమ్మదిగా చేరుతుంది కాబట్టి కొన్ని గంటలు గడిచాక, ఒక్కోసారి మర్నాడు తెలుస్తుంది. ఊపిరి తీస్తే ఛాతీలో పోటు, మెట్లెక్కితే ఆయాసం, పొడిదగ్గు కనిపిస్తే గ్యాస్ నొప్పి అనుకుని ఇంట్లో ఉండిపోకూడదు, విమానం ఎక్కకూడదు. ఎమర్జెన్సీకి వెళ్లాలి. అక్కడి డాక్టరుకు సూదుల సంగతి తట్టే అవకాశం తక్కువ కాబట్టి, నిన్న భుజానికి సూదులు పెట్టించుకున్నామన్నది ముందుగా చెప్పాలి.